ఈరక్కా, వేరుతో వచ్చింది

కొండలకింకా బండిదారి పడని రోజుల్లో, పసిరిగుట్ట కింద ఒక పల్లె. ఆ పల్లె గొడ్లన్నిటికీ కాపరి ఈరక్క. మొగుడు లేడు, బిడ్డలు లేరు. ఉన్నదల్లా గౌరి అనే ఆవు. తనకు గంజి లేకపోయినా గౌరికి కుడితి పెట్టేది.

ఆ ఊరి పెద్దకాపు వియ్యాలవారింటి నుంచి ఒక మొక్క తెచ్చి దొడ్డికి కంచెగా నాటాడు. ఒక్క గుత్తిలోనే పసుపు, ఎరుపు, తెలుపు పూలు. "తలంబ్రాలు పోసినట్టుందే!" అన్నారంతా. తలంబ్రాల కంప అని పేరు పడింది. అది నల్లకాయలు కాసింది. పిట్టలు తిన్నాయి, గుట్ట మీద రెట్టలేశాయి. కొన్నేళ్లకు గుట్టంతా కంపే. దాని కింద గడ్డి మొలవదు. ఆ సంగతి ఈరక్కకు తప్ప ఎవరికి పట్టింది?

కరువొచ్చింది. ఆకలికి గొడ్లు ఆ ఆకే మేశాయి. కళ్లు పచ్చబడ్డాయి. ఎండలో నిలవలేకపోయాయి. మూతి తోలు పగిలి ఊడింది. ఒకటి పడింది. ఇంకోటి పడింది. మూడోది పెద్దకాపు కోడె.

"నీ కళ్లే మంచివి కావే ఈరీ!" అన్నాడు పెద్దకాపు ఊరందరి ముందు. "ఇంకొక్క గొడ్డు పడిందా, ఊరు విడిచి పోవాల!"

"నా కళ్లు కాదు పెద్దకాపూ, నీ కంచె."

"నా కంచా? మేకలు కూడా మూతి పెట్టవు దానికి!"

"నీ మేకల కడుపు నిండి ఉంది, నీలాగే."

ఎవరూ నవ్వలేదు. ఈ ఊరు కాదంటే ఈరక్క ఎక్కడికి పోవాలి?

"మీ గొడ్లను ఇళ్లకాడే కట్టేసి ఎండుచొప్ప వెయ్యండి. రోజూ వచ్చి నా కళ్లతో అన్నిటినీ చూసిపోతా. నా గౌరికి మాత్రం ఈ ఆకు వేస్తా. ఏది పడుతుందో మీరే చూడండి."

గౌరి వాసన చూసి మొహం తిప్పుకుంది. ఈరక్క ఆకు మీద ఉప్పునీళ్లు చల్లింది. అప్పుడు తిన్నది, ఈరక్క చెయ్యి కాబట్టి.

రోజూ పొద్దున్నే ఈరక్క ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి గొడ్డు కళ్లలోకీ చూసింది. ఆడవాళ్లు ఊపిరి బిగబట్టారు. ఏ కన్నూ పచ్చబడలేదు. ఒక పొద్దున గౌరి కళ్లు పసుపు ముద్దలయ్యాయి. ఈరక్క దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అది పోయేదాకా లేవలేదు.

ఊరు గొడ్డళ్లు పట్టింది. "కొట్టొద్దు, చిగురేస్తుంది," అంది ఈరక్క. కొట్టారు. చిగురేసింది. "కాల్చొద్దు, మళ్లీ లేస్తుంది," అంది. కాల్చారు. రెండింతలై లేచింది. మూడోసారి నోరు మూసుకుని ఆమె వెనక నడిచారు. కాయ నల్లబడకముందే, గునపంతో తవ్వి, వేరుతో పీకారు.

మొదట పీకింది పెద్దకాపు కంచె. ఆయన అడ్డం నిలబడ్డాడు.

"వియ్యంకుడు అడిగితే నా మొహం ఎక్కడ పెట్టుకోనే?"

"నా గౌరిని పూడ్చిన కాడ పెట్టుకో."

పక్కకు జరిగాడు. కంప విషమని మా తాతే కనిపెట్టాడని ఆయన మనవలు ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్ల మాట నమ్మకండి.

గుట్ట సగం మళ్లీ గడ్డితో పచ్చబడ్డాక ఈరక్క పోయింది. గుట్ట మీదే, గౌరి పక్కన పూడ్చారు.

ఇప్పటికీ ఆ పల్లెలో పెళ్లంటే, తలంబ్రాలకు ముందు పెళ్లికొడుకూ పెళ్లికూతురూ గుట్టెక్కాలి. ఇద్దరూ కలిసి ఒక కంప పీకాలి. వేరు తెగిందా, ఇంకోటి వెతకాలి, ముహూర్తం దాటినా సరే. వేరు మొత్తం వచ్చాక దాన్ని ఆ సమాధి మీద తలకిందులుగా పెట్టి, "ఈరక్కా, వేరుతో వచ్చింది," అంటారు.

అప్పుడే కింద డోలు మోగుతుంది.