చెలమలో నీలిరంగు

ముందుగా గంగమ్మ తల్లికి ఓ దణ్ణం పెట్టుకుందాం. వెనకున్నవాళ్లు కాస్త ముందుకు జరగండి.

అడవి అంచున ఓ వాగు. వాగొడ్డున ఇసుక మేట, దాని మీద రంగులద్దే గాడిదల గుడిసెలు. గవరయ్య అనే గాడిద జాతర గుడ్డలకు నీలిరంగు వేసి, కూతురు చిట్టిని సాకుతుండేవాడు.

ఉన్నట్టుండి మృగరాజుగారి కట్టడి వచ్చింది. వాగులో రంగు కనిపిస్తే బాన పగలగొట్టడమే. చూసే పెత్తనం కొంగగారిది.

గవరయ్య తల వంచుకుని కొంగగారి దగ్గరకు వెళ్లాడు. "తమరు చెప్పింది న్యాయమే బాబూ, దిగువన చేపలూ బతకాలి. అదిగో, ఆ బంకమట్టి నేలలో మురికినీళ్లకు ఓ గుంట చూపించండి. తవ్వే కష్టం మాది."

"అది రాజుగారి నేల. నన్ను వాగు చూడమన్నారు గానీ గుంటలు చూడమన్లేదు."

"మరి ఆ నీళ్లు నెత్తిన పెట్టుకుని తిరగమంటారా?"

"ఎక్కడ పెట్టుకుంటావో నాకెందుకయ్యా? వాగులో కనిపించకూడదు, అంతే."

దిగులుగా ఇంటికొస్తే గుమ్మంలో నక్క కూర్చునుంది. గాడిదలకు రంగు అమ్మేది తనే.

"ఏం మావా, బాన బోర్లించేశావ్? నువ్వు మానేస్తే నా సరుకు ఎవడు కొంటాడు?"

"ఏం చెయ్యను అల్లుడూ, నీళ్లు పొయ్యడానికి చోటు లేదు."

"నీ పెరట్లో ఇసుక లేదూ? ఇసుకలో తవ్వుకున్న మన చెలమలో తాగే నీళ్లు అంత తేటగా ఎలా ఊరుతున్నాయి? ఇసుకే కదా వడగట్టేది. వాగంత మురికిని వడగట్టింది, నీ బానెడు నీళ్లకు చేతులెత్తేస్తుందా?"

గవరయ్య కాసేపు నసిగాడు. కానీ తాతల నాటి నుంచి ఇసుకను నమ్మి నీళ్లు తాగిన ఇల్లాయె. ఆ మాట మనసుకెక్కింది. మళ్లీ రంగు వేసి, ఆ మురికినీళ్లు పెరట్లో పోశాడు. ఇసుక గుటుక్కున తాగేసింది. అతన్ని చూసి పేటంతా అదే పని.

కొంగగారు వాగులో ఒంటికాలి మీద నిలబడి మురిసిపోయారు. "చూశావా గవరయ్యా, అద్దంలా ఉంది."

"తమ దయ బాబూ," అని మూతి పక్కకు తిప్పుకుని నవ్వుకున్నాడు గవరయ్య.

ఎండలు ముదిరాక ఓ మధ్యాహ్నం చిట్టి మూతి నీలంగా చేసుకుని వచ్చింది.

"బానలో మూతి పెట్టావటే? ఎన్నిసార్లు చెప్పాను?"

"లేదు నాన్నా. చెలమలో తాగాను. చేదుగా ఉన్నాయి."

గవరయ్య పరిగెత్తాడు. గిట్టలతో చెలమను లోతుగా తవ్వాడు. ఎంత లోతుకు పోతే అంత నీలం ఊరింది. గంగమ్మా అని అక్కడే చతికిలబడ్డాడు. ఆనాటి నుంచి చిట్టి గడ్డి ముట్టలేదు. పడుకున్నది మళ్లీ లేవలేదు. నక్క అప్పటికే సరుకు మోసుకుని ఎగువ పేటకు వెళ్లిపోయింది.

సంగతి తెలిసి కొంగగారు రాజుగారి కాళ్లావేళ్లా పడి అనుమతి తెచ్చారు. "గవరయ్యా, ఒప్పించానయ్యా. ఆ బంకమట్టి నేలలో గుంట తవ్వుకో."

"అడక్కుండానే ఒకటి తవ్వాను బాబూ, చిన్నది. మా చిట్టికి సరిపోయింది."

కొంగ ఎత్తిన కాలు మెల్లగా దించి నేలవైపు చూసింది.

తప్పు చేయొద్దన్న నోటితోనే ఒప్పు చేసే చోటు కూడా చూపించాలి నాయనలారా. లేకపోతే ఆ తప్పు మన కాళ్ల కిందే దాక్కుంటుంది.