సగం మీసం ఉచితం

జువ్వలపాలెం బస్టాండు పక్కన సెలూన్ నడిపే అన్నదమ్ములు గవర్రాజు, సత్తిపండు. తమకున్న తెలివి చుట్టుపక్కల ఎవరికీ లేదని వాళ్ళకి మహా గర్వం. ఆ తెలివి ఎక్కడ బయటికి కారిపోతుందోనని ఇద్దరూ చెవుల్లో దూది పెట్టుకుని తిరిగేవాళ్ళు.

ఒకరోజు గవర్రాజు ఫోన్లో ఓ ఆట వేసుకున్నాడు. ఉచితమే. కాసేపు పరిగెత్తాక అందులో వీరుడు ఆగిపోయాడు. "వీరుడు అలసిపోయాడు. రేపటిదాకా విశ్రాంతి" అని వచ్చింది. అంతే, ఫోన్ని తలగడ మీద పడుకోబెట్టి, సత్తిపండు విసనకర్ర తీసుకుని విసరడం మొదలెట్టాడు.

"ఇప్పుడే లేవాలంటే డబ్బు కట్టాలంటరా," అన్నాడు గవర్రాజు.

"కట్టెయ్ అన్నయ్యా, పాపం. పరిగెత్తింది నీకోసమే కదా!"

ఇంకేముంది! లేవడానికి కొంత, చెప్పులకి కొంత, లోపల ఏముందో చెప్పని పెట్టె తెరవడానికి కొంత. పెట్టెలో టోపీ వచ్చింది. అది వీరుడికి పట్టదట, పట్టే తలకి మళ్ళీ డబ్బట. సెలూన్లో ఉన్న ఒక్క కుర్చీకీ అప్పటికే కాలు విరిగి ఉంది. కొత్తది కొందామని దాచిన సొమ్మంతా ఊడ్చుకుపోయింది.

వేరేవాళ్ళయితే ఏడుస్తారు. వీళ్ళు పొంగిపోయారు.

"ఉచితమంటూనే ఆ ఆట పెట్టినవాడు మన దగ్గర ఇంత లాగాడంటే, వ్యాపారమంటే వాడిదిరా! మనమూ అలాగే చేస్తే కుర్చీ సొమ్ము ఇట్టే వచ్చేస్తుంది."

మర్నాడు "ఇచ్చట గడ్డం గీయడం ఉచితం" అని బోర్డు కట్టారు. మొదట పెళ్ళికొడుకు సుబ్బరాయుడు వచ్చాడు. ముహూర్తం దగ్గరపడింది, ఊళ్ళో ఇంకో సెలూన్ లేదు. మీసం కూడా తీసెయ్యమన్నాడు. సత్తిపండు కుడివైపంతా నున్నగా గీసి, కత్తి మడిచి కూర్చున్నాడు.

"ఏమైందయ్యా?"

"కత్తి అలసిపోయిందండీ. రేపు రండి, ఎడమవైపూ ఉచితమే. ఇప్పుడే కావాలంటే డబ్బు కట్టాలి."

"అవతల పెళ్ళికూతురు పీటల మీద కూర్చుందిరా!"

"అందుకే కదండీ అడుగుతున్నాం! తొందర లేనివాడు ఎందుకిస్తాడు?"

పాపం, సుబ్బరాయుడు కట్టాడు. గవర్రాజు ఓ పెట్టె అందించాడు. "తెరవండి. కత్తి రావచ్చు, రాకపోవచ్చు."

పళ్ళూడిన దువ్వెన వచ్చింది. మళ్ళీ కట్టాడు. అరిగిపోయిన సబ్బు ముక్క వచ్చింది. పెళ్ళికొడుక్కి ఏడుపొక్కటే తక్కువ. సగం మీసంతోనే మేనమామకి ఫోన్ చేశాడు. ఆయన కుస్తీలు పట్టే మనిషి. వస్తూనే కత్తి లాక్కుని, మేనల్లుడి ఎడమవైపు తనే గీసేశాడు. తర్వాత గవర్రాజు చెంప మీద ఒక్కటిచ్చాడు. చెవిలో దూది వెళ్ళి అద్దానికి అతుక్కుంది.

"ఇది ఉచితం. మిగతావి కావాలంటే చెప్పండి!" అని గుడ్లురిమాడు.

అన్నదమ్ములు మొహాలు చూసుకున్నారు.

"విన్నావురా? ఉచితంగా వచ్చింది ఒక్కటే. అసలు సరుకంతా డబ్బు కడితేనే!"

సత్తిపండు గల్లాపెట్టె మొత్తం మేనమామ చేతుల్లో బోర్లించాడు. చాలదేమోనని కాలు విరిగిన కుర్చీ కూడా తెచ్చి ముందు పెట్టాడు.

"ఇదేంట్రా?" అన్నాడాయన, బిత్తరపోయి.

"మిగతావాటికండీ. ఇద్దరికీ కలిపి," అంటూ చెవిలో దూది తీసి, చెంప ముందుకి చాపాడు సత్తిపండు. "రేపటిదాకా ఆగలేమండీ, ఇప్పుడే ఇచ్చెయ్యండి!"