మూత మీద అల్లిక

హెప్సిబా, నలభై ఒక్క ఏళ్లు. కూర వడ్డించాక "ఉప్పు సరిపోయిందా?" అని ఇంట్లో అందర్నీ అడిగి, అందరూ తలూపాక గాని తన ముద్ద నోట్లో పెట్టుకోదు.

నరసాపురంలో వాళ్ల సంఘానికి ఏడాదికొక స్త్రీల ఆదివారం ఉంటుంది. మిగతా ఆదివారాలు దేవుడివనుకునేరు, మగవాళ్లవి. ఆ ఒక్కరోజు మాత్రం ప్రార్థనా, ప్రసంగమూ ఆడవాళ్లవే, గుడిలో ప్రభువు బల్ల మీద పెట్టే రొట్టె కూడా ఆడవాళ్లే చేస్తారు. ఈసారి ప్రసంగం హెప్సిబాది. సంఘంలో బోధకుడి ఉద్యోగం ఖాళీగా ఉంది. హెప్సిబా దైవశాస్త్రం చదువుకుని కూడా ఇన్నేళ్లూ పిల్లలకు పాటలు నేర్పుతూ కూర్చున్న మనిషి. ఆ ఉద్యోగం అడగాలంటే ఈ ఆదివారం బాగా జరగాలి.

రొట్టె కూడా తనే చేస్తానని మాటిచ్చింది. కువైట్‌లో పనిచేసే ఆడపడుచు తెచ్చిన రొట్టె మిషను ఇంట్లో ఉంది. పిండీ నీళ్లూ ఈస్టూ పోసి మీట నొక్కితే అదే పిసుకుతుంది, అదే పొంగిస్తుంది, అదే కాలుస్తుంది. ఈ ఇంట్లో మాత్రం రొట్టె పైన ఎర్రగా, నడుమ పచ్చిగా వస్తోంది. కోస్తే కత్తికి బంకలా అంటుకుంటోంది. హెప్సిబా ఈస్టు మార్చింది. మైదా మార్చింది. నీళ్లు తగ్గించింది. శనివారం పొద్దున కూడా పచ్చి రొట్టే వచ్చేసరికి సలోమి టీచరుకి ఫోను చేసి ఏడ్చింది.

సలోమి టీచరు ఆమెకు ప్రసంగం చెప్పడం నేర్పిన మనిషి. డెబ్బై దాటాయి. ఎక్కడికెళ్లినా సంచిలో అల్లిక సూది, దారపు ఉండ ఉంటాయి. ఆటో దిగి, తిన్నగా వంటింట్లోకి వచ్చి, పళ్లెంలో ఉన్న రొట్టె వంక చూసింది.

"ఏమే హెప్సీ, దీని మీద గోలీలాడారా? ఈ గుంటలేమిటి?"

హెప్సిబా అత్తగారు సంతోషమ్మ ముందుకొచ్చింది. "ఆ పెద్దది నాది వదినా. ఇడ్లీ ఉడికిందో లేదో తడివేలు పెట్టి చూడమా? అలాగే చూశాను. అంటుకుంది. కాసేపాగి మళ్లీ చూశాను."

"ఈ పొడుగుది?"

"చెంచా కాడండీ," అన్నాడు భర్త ఆనందరావు. ఆయన హైస్కూల్లో తెలుగు మాస్టారు. "నడుమ ఎలా ఉందో తెలియాలి కదా."

"ఈ సన్నవి?"

"చీపురుపుల్ల," అంది హెప్సిబా నెమ్మదిగా. "కొత్త చీపురేనండీ."

"మరి కాలుతుంటే మూత ఎందుకు తీశారు?"

"అయ్యో, అది కూత వేస్తోంది కదమ్మా!" అంది సంతోషమ్మ. "కుక్కరు కూత వేస్తే లేవమా? పిలుస్తుంటే పలక్కుండా ఎలా ఉంటాం?"

సలోమి టీచరు నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. హెప్సిబా మంచినీళ్లిచ్చి, ఆ చేత్తోనే ప్రసంగం కాగితాలు కూడా అందించబోయింది.

అవి రొట్టె కన్నా అధ్వాన్నంగా ఉన్నాయి. వాళ్ల గుడి అల్లికలు అల్లిన ఆడవాళ్ల కూలితో లేచింది. గుమ్మం పక్క కట్టించినవాళ్ల పేర్లు చెక్కిన రాతి మీద మాత్రం ఒక్క ఆడపేరు లేదు. హెప్సిబా రాసింది ఆ సంగతే. 'అన్యాయం' అన్నచోటల్లా ఆనందరావు ఎర్రసిరాతో కొట్టేసి 'చిన్న లోటు' అని దిద్దాడు. సంఘం కార్యదర్శి జయపాల్‌గారు రాతి సంగతున్న పేరా మొత్తం అడ్డంగా గీసేశారు. అత్తగారికి చదివి వినిపిస్తే, "చివర్లో కాస్త కళ్లనీళ్లు పెట్టుకో అమ్మాయ్, ఉద్యోగం ఇచ్చేస్తారు," అంది. హెప్సిబా అదీ పక్కన పెన్సిల్‌తో రాసుకుంది.

"ఒక్కసారి చూడండి టీచరుగారూ."

"ముందు రొట్టె వెయ్యి."

హెప్సిబా కొలిచి పోసింది. మీట నొక్కింది. సలోమి టీచరు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి మిషను పక్కకి లాక్కుని కూర్చుంది. ఆవిరి పోయే కన్నాలు వదిలేసి, దారపు ఉండ మూత మీద పెట్టింది. సూది తీసి పువ్వొకటి మొదలుపెట్టింది. అల్లినంత మేరా అల్లిక మూత మీద పరుచుకుంటూ పోయింది. ఇప్పుడు ఎవరు మూత తియ్యాలన్నా ముందు ఆవిడ పని చెడగొట్టాలి.

మిషను కూత వేసింది. సంతోషమ్మ వేలు తడుపుకుని వచ్చింది.

"కూర్చో వదినా. అది నిన్ను పిలవలేదు."

"మరి ఎవర్ని పిలిచిందట?"

"ఎవర్నీ పిలవలేదు. దాని పని అది చెప్పుకుంటోంది."

సంతోషమ్మ వేలు కొంగుకి తుడుచుకుని అక్కడే పీట వేసుకుంది. కాసేపటికి ఇద్దరూ చిన్నప్పుడు అల్లికలు కొనే షావుకారు పీనాసితనం గురించి చెప్పుకుని నవ్వుకుంటున్నారు.

రొట్టె కాలే వాసన మొదలైంది. ఆనందరావు చెంచాతో వచ్చాడు.

"మాస్టారూ, ఆ చెంచాతో మాకు టీ కలిపి తీసుకురండి."

ఆయన ఒక క్షణం చెంచా వంక చూసుకున్నాడు. తర్వాత టీ పెట్టాడు. పంచదార ఎక్కువైంది. అయినా ఇద్దరూ తాగేశారు.

చివరికి హెప్సిబా చెయ్యే వచ్చింది. తనకి తెలియకుండానే వచ్చింది. అల్లిక అంచు పట్టుకుని పైకెత్తబోయింది. సలోమి టీచరు సూది ఆపి, ఆమె మొహంలోకి చూసింది. కోపం లేదు. ఎప్పుడో ఈ పిల్ల మొదటిసారి నిలబడి ప్రసంగం మర్చిపోయినప్పుడు ఎలా చూసిందో అలాగే చూసింది.

హెప్సిబా అంచు వదిలేసింది.

మిషను పొడుగ్గా కూసి ఆగిపోయాక సలోమి టీచరు అల్లిక మడిచి సంచిలో పెట్టుకుంది. రొట్టె బయటికొచ్చింది. పైన ఒక్క గుంట లేదు. చల్లారాక కోస్తే కత్తికి ఏమీ అంటలేదు. "ఇడ్లీలా ఉందే!" అంది సంతోషమ్మ, అంతకన్నా పెద్ద పొగడ్త ఆవిడకి తెలీదు. హెప్సిబా ఆ ముక్క పట్టుకుని చాలాసేపు నిలబడింది. బల్ల కోసం ఇంకో రొట్టె తనే వేసింది. కాలినంతసేపూ వంటింట్లోనే లేదు.

సాయంత్రం సలోమి టీచరు వెళ్లబోతుంటే కాగితాలు పట్టుకుని గుమ్మందాకా వెళ్లింది.

"మీరొక్కరు చూస్తే చాలు. బాగుందో లేదో ఒక్క మాట చెప్పండి."

సలోమి టీచరు కాగితాలు అందుకుంది. చదవలేదు. సగానికి మడిచి, మళ్లీ హెప్సిబా చేతిలోనే పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూసింది.

"రేపు వింటాను," అంది.

మర్నాడు హెప్సిబా కొట్టేసిన పేరాతో సహా చెప్పింది. కళ్లనీళ్లు పెట్టుకోలేదు. ఉద్యోగం జయపాల్‌గారి మేనల్లుడికి ఇచ్చారు. ఆ తర్వాతి ఏడాది హెప్సిబా గుడి గుమ్మానికి రెండోవైపు ఇంకో రాయి పెట్టించింది. దాని మీద అన్నీ ఆడపేర్లే. ఎవర్నీ అడగలేదు.