బాదంపప్పు మంత్రి, బెల్లంపాకం రాజు

అనగనగా ఒక అడవిలో ఒక నల్లబండ ఉండేది. ఆ బండ మీద సుద్దరాయితో గీసిన అరవై నాలుగు గళ్లు. ఆ గళ్ల ముందు పన్నెండేళ్లుగా కదలని ఒక ఉడుము.

ఆయన పేరు ఉద్దండయ్య. చదరంగంలో ఆ అడవికంతటికీ ఆయనే విజేత. గెలిచినందుకు గౌరవంగా కాలికి గండపెండేరం తొడగబోతే అది పట్టలేదట. సరేనని తోకకు తొడిగారు. ఆయన నడుస్తుంటే ఘల్లు ఘల్లుమని తోక మోగేది. ఆ చప్పుడు వినగానే కుందేళ్లు లేచి నిలబడి దణ్ణం పెట్టేవి.

"ఉడుము పట్టంటే మాటలా? గోడనైనా వదులుతాను గానీ గెలుపును వదలను" అనేవాడు ఉద్దండయ్య.

ఆ బండ వెనకాల కొండచరియలో ఒక రాతిగూడు ఉంది. ఎంత కుండపోత వానైనా లోపల చుక్క పడదు. ఏటా మృగశిర కార్తె మొదటి రోజున చదరంగం పోటీ. గెలిచినవారిదే ఆ వానాకాలమంతా రాతిగూడు. అది ఆ అడవి కట్టుబాటు.

ఇంకో ఆచారం కూడా ఉంది. అక్కడ పావులు చెక్కతో చేసినవి కావు, తినేవి. ఎవరి పావును చంపితే దాన్ని చంపినవారే నోట్లో వేసుకోవచ్చు. ఆటకు వచ్చినవాళ్లు ఆకలితో వెళ్లకూడదని పూర్వం పెద్దలు పెట్టిన పద్ధతి. పావులు చేయించే బాధ్యత విజేతది.

మంచి పద్ధతే. ఉద్దండయ్య చేతిలో పడి పాడైంది.

ఎందుకంటే, వచ్చేవాళ్లకు ఏది ప్రాణమో ఆయన ముందే కనుక్కునేవాడు. పావులన్నీ దానితోనే చేయించేవాడు. తాను మాత్రం పురుగూ పుట్రా తప్ప ఏదీ ముట్టడు.

ఒక ఏడు కోతి వచ్చింది. అరటిపళ్ల సైన్యాన్ని నిలబెట్టాడు. మూడో ఎత్తుకల్లా కోతి తన సైన్యాన్ని తానే తినేసింది. పాపం, తొక్కల్ని మాత్రం ఏ గడిలోవి ఆ గడిలో పెట్టింది.

మరుసటి ఏడు చిలుక వచ్చింది. జామపళ్లు పెట్టాడు. "రాజును రవ్వంత కొరికి చూశానంతే" అంది చిలుక. రవ్వంత కొరుకుతూ కొరుకుతూ తొడిమ దాకా వెళ్లింది.

ఆ పై ఏడు ఎలుగుబంటి వచ్చాడు. తేనెలో నానబెట్టిన ఇప్పపూలు పెట్టాడు. ఎలుగుబంటి ఆట మొదలుకాకముందే పావులన్నీ తినేసి, బండ మీద గళ్లు కూడా నాకేశాడు. మళ్లీ గీయడానికి రెండు రోజులు పట్టింది.

"అయ్యో, ఆకలేసింది కాబోలు" అనేవాడు ఉద్దండయ్య, తోక ఘల్లుమనిపిస్తూ. ఏ ఏడూ ఆట మధ్యాహ్నం దాటలేదు. ఏ ఏడూ రాతిగూడు చేయి మారలేదు.

ఇలా ఉండగా ఆ అడవిలో తురాయి అని ఒక ఉడుతపిల్ల ఉండేది. తోకను తల మీదికి తురాయిలా ఎత్తి పెట్టుకుంటుందని ఆ పేరు. దాని బుర్ర మామూలు బుర్ర కాదు. కొమ్మకు తలకిందులుగా వేలాడుతూనే ఆట నేర్చేసుకుంది. చింతగింజలతో ఆడి మేనమామలు ముగ్గురినీ ఓడించింది. కళ్లు మూసుకుని ఆడి ఏడుగురు కుందేళ్లను ఒకే పూటలో ఓడించింది. ఎనిమిదో కుందేలు ఆడకుండానే "ఓడిపోయానమ్మా" అని ఇంటికి వెళ్లిపోయింది.

ఆ ఎండాకాలం గాలివానకు ఉడుతలు ఉంటున్న మద్దిచెట్టు కూలిపోయింది. తురాయి, అమ్మ, నాయనమ్మ, కళ్లయినా తెరవని నలుగురు తమ్ముళ్లు, అందరూ కలిసి ఒక టేకాకు కింద తలదాచుకున్నారు. అందరికీ ఒకటే ఆకు. నాయనమ్మకు రాత్రింబగళ్లు దగ్గు.

"వానలొస్తే ఈ ఆకు ఆగుతుందా అత్తయ్యా?" అని అమ్మ గుసగుసగా అడగడం తురాయి విన్నది.

తెల్లారగానే వెళ్లి పోటీకి పేరు ఇచ్చేసింది.

నాయనమ్మ విని నవ్వింది. తరవాత నవ్వు ఆపింది. "ఆటలో నిన్ను మించినవాళ్లు లేరే తల్లీ. నీకు ముప్పు ఆటతో కాదు, వేరుశనగలతో" అంది.

"నేనేం తిండిపోతునా నాయనమ్మా?"

"ఆ నోట్లో ఏమిటి?"

"ఏం లేదు" అంది తురాయి, రెండు బుగ్గలూ ఉబ్బించుకుని.

ఆ రోజు నుంచే శిక్షణ మొదలైంది. నాయనమ్మ ఒక వేయించిన వేరుశనగ పప్పును తురాయి ముందు పెట్టింది. "కళ్లు మూసుకుని నూట ఎనిమిది సార్లు రామ రామ అను. ఆ తరవాత తిను" అంది.

మొదటి రోజు మూడో రామకే పప్పు మాయమైంది.

రెండో రోజు నలభై దాకా బాగానే సాగింది. ఆ తరవాత రామనామం కరకరలాడుతూ వినిపించింది. "దేవుణ్ణి నములుతావేమే!" అని నాయనమ్మ చెవి మెలిపెట్టింది.

మూడో రోజు తురాయి పళ్లు బిగబట్టి నూట ఎనిమిదీ పూర్తి చేసింది. గర్వంగా కళ్లు తెరిచింది. పప్పు లేదు.

"నాయనమ్మా! పప్పు ఏదీ?"

నాయనమ్మ కొంచెంసేపు ఆకాశం వైపు చూసింది. "ఏం చేయను తల్లీ, నాదీ మన వంశపు నోరే కదా" అంది. తరవాత మనవరాలి వీపు నిమిరింది. "మన వీపు మీద రాములవారి వేళ్ల గుర్తులున్నాయి. నోటి మీద మాత్రం లేవు. నోటిని మనమే చూసుకోవాలి. గుర్తుపెట్టుకో."

మృగశిర కార్తె వచ్చింది. అడవి అంతా బండ చుట్టూ మూగింది. ముళ్లపంది ముకుందం తీర్పరి. ఆయనతో వాదించడానికి దగ్గరికి వెళ్లే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి ఆ పని ఆయనకు ఇచ్చారు.

"ఏమే పిల్లా, పాలపళ్లు ఊడాయా?" అన్నాడు ఉద్దండయ్య.

"ఇంకా లేదు తాతగారూ. మీ బంట్ల కోసం దాచి ఉంచాను" అంది తురాయి.

కోతి ఈల వేసింది. ఉద్దండయ్య చిరునవ్వు నవ్వి, గళ్ల మీద కప్పిన మోదుగాకుల్ని తొలగించాడు.

తురాయికి కళ్లు తిరిగాయి.

బంట్లు ఉప్పు వేసి వేయించిన వేరుశనగలు. గుర్రాలు జీడిపప్పులు. ఏనుగులు ఈతపళ్లు. మంత్రి తేనెలో ఊరిన బాదంపప్పు. రాజు ఎండుకొబ్బరి ముక్క, పైగా బెల్లంపాకంలో ముంచి తీసింది. పాకం ఇంకా తడితడిగా, బంకబంకగా మెరుస్తోంది.

"నీ కోసమే చేయించానమ్మా. సిగ్గుపడకు" అన్నాడు ఉద్దండయ్య.

ఆట మొదలైంది. తురాయి చకచకా ఎత్తులు వేసింది. ఐదో ఎత్తులో ఆయన బంటును చంపింది. ఆచారం ప్రకారం నోట్లో వేసుకుంది.

కర్‌ర్‌ర్. ఉప్పు ఎంత బాగా పట్టిందో!

అంతే. ఆ తరవాత తురాయికి గళ్లు కనబడలేదు, గింజలే కనబడ్డాయి. రెండో బంటును చంపింది, మూడో బంటును చంపింది. ఆ సందట్లో తన గుర్రాలు రెండూ పోయాయి. ఉద్దండయ్య చంపిన గుర్రాలను వెనక్కి విసిరేశాడు. వెనకాల కొమ్మ మీద కూర్చున్న కోతి గాలిలోనే పట్టుకుని, "ఉద్దండయ్యగారికి జై!" అంది నోటినిండా జీడిపప్పుతో.

కాసేపటికి ముకుందం ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. "తురాయీ, నీ ఆఖరి గడిలో బంటు ఉండాలి. ఏదీ?"

"ఏ బంటు?" అంది తురాయి. ఒక బుగ్గ మాత్రం గుండ్రంగా ఉంది.

జనమంతా గొల్లుమన్నారు. "తన బంటును తానే తింది కాబట్టి అది చచ్చినట్టే లెక్క" అని ముకుందం తీర్పు చెప్పాడు.

ఆ నవ్వుల మధ్య ఖళ్లు ఖళ్లుమని ఒక దగ్గు వినిపించింది. తురాయి తల తిప్పి చూసింది. నాయనమ్మ ఎండలో కూర్చుని ఉంది. టేకాకు పట్టుకొచ్చి మనవరాలి మీద నీడ పడేలా పట్టుకుంది. ఆ ఆకుకు అప్పుడే రెండు చోట్ల చిల్లులు పడ్డాయి. నాయనమ్మ తన నోటి మీద వేలు పెట్టుకుంది.

తురాయి బుగ్గలోని బంటు చప్పబడిపోయింది.

గట్టిగా ఊపిరి తీసుకుంది. గింజల్ని వదిలేసి గళ్లను చూసింది. ఒక్కొక్క ఎత్తే జాగ్రత్తగా వేసుకుంటూ వచ్చింది. మధ్యాహ్నం అయ్యేసరికి ఉద్దండయ్య తోక మోగడం మానేసింది. జీవితంలో మొదటిసారి ఆయనకు చెమట పట్టింది. ఉడుముకు చెమట పట్టదంటారు. ఆయనకు పట్టింది.

అప్పుడాయన ఒక పని చేశాడు. బాదంపప్పు మంత్రిని ఎత్తి, సరిగ్గా తురాయి ఏనుగుకు ఎదురుగా, అడ్డం ఏమీ లేకుండా పెట్టాడు.

"అయ్యయ్యో, పొరపాటున పెట్టేశాను. ముసలితనం కదా. చంపేసుకో తల్లీ" అన్నాడు.

తేనె ఒక్క చుక్క బండ మీదికి జారింది. తురాయి చేయి దానంతట అదే ఏనుగు దాకా వెళ్లింది.

"చంపు! చంపు!" అని అరిచింది కోతి. "నీకొద్దంటే నాకివ్వు!"

తురాయి కళ్లు మూసుకుంది. రామ, రామ, రామ. మూసిన కళ్ల ముందు గళ్లు నిలిచాయి. ఈ ఏనుగు మంత్రి మీదికి వెళ్తే, తన రాజుకు కాపలా పోతుంది. ఆయన ఏనుగు లోపలికి వస్తుంది. ఆటకట్టు. బాదంపప్పు నోట్లో, తమ్ముళ్లు వానలో.

ఏనుగును వదిలేసింది. ఒక చిన్న బంటును ఒక్క గడి ముందుకు జరిపింది.

ఉద్దండయ్య ఆ బంటును చూశాడు. ఇటు నుంచి చూశాడు, అటు నుంచి చూశాడు. ఏ ఎత్తు వేసినా మరుసటి ఎత్తుకు తన రాజుకు ఆటకట్టు.

"మీ ఎత్తు, తాతగారూ."

"ఆలోచిస్తున్నాను" అన్నాడాయన.

ఎంతసేపట్లో ఎత్తు వేయాలో నియమం లేదు. ఉద్దండయ్య నాలుగు కాళ్లతో బండను కరిచిపట్టుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల ఎప్పటికో అప్పటికి తన పావుల్ని తానే తింటుందని ఆయన ధీమా.

ఒక జాము గడిచింది. "ఆలోచిస్తున్నాను."

చిలుక ఒక కునుకు తీసి లేచింది. "ఆలోచిస్తున్నాను."

తురాయి కడుపులో కప్పలు అరిచాయి. తోకను ముందుకు లాక్కుని నోటి చుట్టూ గట్టిగా చుట్టుకుంది. లోపల రామనామం నూట ఎనిమిదులు ఎన్ని అయ్యాయో లెక్క తప్పింది. కదల్లేదు.

సాయంత్రానికి పడమటి కొండ మీద మబ్బు లేచింది. మట్టివాసన వచ్చింది. టప్పుమని మొదటి చుక్క ముకుందం ముక్కు మీద పడింది.

తొలకరి పడితే ఏమవుతుందో తెలుసు కదా పిల్లలూ? పుట్టల్లోంచి రెక్కల ఉసిళ్లు గుంపులు గుంపులుగా లేస్తాయి. లేచాయి. బండ మీద ఎగిరాయి. ఎగిరి ఎగిరి, బంకబంకగా ఉన్న బెల్లంపాకం రాజుకు టపటపా అతుక్కున్నాయి.

ఉద్దండయ్య ఒక కన్ను తెరిచాడు.

పన్నెండేళ్లుగా ఎవరూ ఆయన్ను సాయంత్రం దాకా ఆడించలేదు. ఆటబల్ల మీద ఆయనకు నచ్చిన తిండి ఎప్పుడూ లేదు. నోరు కట్టుకోవడం ఆయనకు ఎవరు నేర్పుతారు?

సర్రున నాలుక బయటికి వచ్చింది. ఉసిళ్లకు తగిలింది. పాకానికి అతుక్కుంది. లాగాడు. ఉసిళ్లూ వచ్చాయి, వాటితోపాటు తన రాజూ వచ్చాడు. గుటుక్కుమంది.

ముకుందం బండ మీదికి వంగి చూశాడు. "ఉద్దండయ్యగారూ, మీ రాజు ఏడీ?"

"ఏ రాజు?" అన్నాడు ఉద్దండయ్య. పెదవుల చుట్టూ ఉసిళ్ల రెక్కలు మీసాల్లా అంటుకుని ఉన్నాయి.

"రాజును తిన్నవాడు ఓడినట్టే!" అన్నాడు ముకుందం. కోతి ఎంతలా నవ్విందంటే కొమ్మ మీంచి ఎలుగుబంటి పొట్ట మీద పడింది.

వాన దబదబా కురిసింది. నాయనమ్మ ఆ చిల్లుల ఆకును బండ మీదే వదిలేసింది. తమ్ముళ్లను ఒక్కొక్కరినీ అమ్మ రాతిగూట్లోకి మోసుకెళ్లింది. తురాయి గుమ్మంలో నిలబడి చూస్తే, ఉద్దండయ్య గండపెండేరం తొడిగిన తోకను ఒళ్లో పెట్టుకుని వానలో తడుస్తున్నాడు.

"నాయనమ్మా, గూడు పెద్దదే కదా?"

"పిలువు. అడగాలా?" అంది నాయనమ్మ.

"తాతగారూ, లోపలికి రండి. రేపు మళ్లీ ఆడదాం. ఈసారి గులకరాళ్లతో."

ఆయన తోక మోగకుండా చేత్తో పట్టుకుని, తల వంచుకుని లోపలికి వచ్చాడు.

గెలిచినవారి వాటాగా బాదంపప్పు మంత్రిని ముకుందం తెచ్చి ఇచ్చాడు. తురాయి దాన్ని తినలేదు. నాయనమ్మ చేతిలో పెట్టింది. నాయనమ్మ దాన్ని ఆకులో పెట్టి, "ముందు రాములవారికి నైవేద్యం, తరవాత తలా ఒక ముక్క" అని కళ్లు మూసుకుంది. అందరూ కళ్లు మూసుకున్నారు.

కళ్లు తెరిచేసరికి ఆకు ఖాళీగా ఉంది.

నాయనమ్మ తురాయి వైపు చూసింది. తురాయి నోరు బార్లా తెరిచి చూపించింది. ఖాళీ. తురాయి నాయనమ్మ వైపు చూసింది. "ఈసారి నేను కాదే!" అని ఆవిడా నోరు తెరిచి చూపించింది. ఖాళీ.

ఇద్దరూ కలిసి మూల వైపు చూశారు.

ఆ పూటే మొదటిసారి కొబ్బరి, బెల్లం రుచి మరిగిన ఉద్దండయ్య, ఒక బుగ్గ గుండ్రంగా ఉబ్బించుకుని, మెల్లిగా అన్నాడు:

"ఏ బాదం?"

నీతి: చేతికి అందిందల్లా నోట్లో వేసుకోనక్కర్లేదు. తన నోటిని తాను ఆపుకోగలిగినవారిని గెలుపే వెతుక్కుంటూ వస్తుంది.