కందెన నూకాలు, తాతనాటి కడసీల

ఉప్పు కొండెక్కేది, చింతపండు కొండ దిగేది, రెండూ దారిలో ఎదురుపడి పలకరించుకునేవి. ఆ రోజుల్లో బైరాగి అనే బండివాడు ఉండేవాడు. భూమ్మీద తనంతటి బండివాడు లేడని అతని లెక్క. "నా బండి చక్రం ఆగిందంటే ఆ రోజు పొద్దే గుంకదు" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు అతను బండి మీద ఉండేవాడు కాదు. బురదలో దిగబడ్డ చక్రాన్ని వెనకనుంచి తోస్తూ ఉండేవాడు.

అయినా అతనికీ ఒక గొప్ప ఉంది. అది అతని బండి కడసీల. కడసీలంటే ఇరుసు చివర గుచ్చే కర్రముక్క. చక్రం ఊడిపోకుండా పట్టుకునేది అదే. బైరాగి బండి కుడి చక్రానికున్న కడసీల అతని తాత చెక్కిందని అందరూ చెప్పుకునేవారు. బైరాగి అందరికన్నా ఎక్కువగా చెప్పుకునేవాడు.

ఆ దారి బండివాళ్లకి ఒక ఆచారం ఉండేది. కనుమలో బళ్లన్నీ వరసగా దిగుతాయి. అన్నిటికన్నా ఆఖర్న, పైన ఉండేది తోకబండి. దాని చక్రం ఊడితే అది కిందున్న బళ్ల మీదకే దొర్లుతుంది. అందుకని తోకబండి గౌరవం అందరికన్నా పాత కడసీల ఉన్నవాడికే ఇచ్చేవారు. ఇన్నాళ్లు నిలిచింది గదా, ఇంకా నిలుస్తుంది అని వాళ్ల తెలివి. పాత సీలకి పసుపు రాసేవారు, బొట్టు పెట్టేవారు, దండం కూడా పెట్టేవారు. నిలిచిన సీలని పీకితే బండి అలుగుతుందని వాళ్ల భయం.

ఆ కనుమ ఎగువన, దిగుడు మొదలయ్యే చోట, ఒక చప్పటి రాతి మీద, నూకాలు అనే ముసలమ్మ కూర్చునేది. ఆమె దగ్గర వెదురు గొట్టం నిండా కందెన ఉండేది. ఆముదంలో మసి కలిపి తనే చేసేది. పక్కన సంచిలో తుమ్మచేవతో చెక్కిన కడసీలలు. వచ్చే పోయే బళ్ల ఇరుసులకి కందెన రాసి, గుప్పెడు చింతపండు పుచ్చుకునేది. ఆమెకి ఇల్లు లేదు, పొలం లేదు, నోరు మూసుకునే అలవాటు అసలే లేదు.

"ఒరే బైరాగీ, ఆ సీల మార్చరా" అంది నూకాలు ఒక ఏడు.

"ఏటత్తా, బాగున్నదాన్ని పీకమంటావు? ఇరగనీ, అప్పుడు చూద్దారి" అన్నాడు బైరాగి.

"అప్పుడు చూసేది నువ్వు కాదురా నాయినా, కిందున్నోళ్లు" అంది నూకాలు.

బండివాళ్లు పగలబడి నవ్వారు.

మరుసటి ఏడు మళ్లీ అడిగింది. "ఒరే బైరాగీ, ఆ సీల మార్చరా."

"అత్తా, నువ్వు బతికున్న కోడిని చూసి దినం భోజనాలు పెట్టే రకం. ఇరగనీ, అప్పుడు చూద్దారి."

"అప్పుడు చూసేది నువ్వు కాదురా నాయినా, కిందున్నోళ్లు."

ఆ పై ఏడూ అడిగింది. "ఒరే బైరాగీ, ఆ సీల మార్చరా."

"నీ పళ్లు కూడా కదలకముందే పీకించీసుకున్నావేటత్తా?" అన్నాడు బైరాగి. బండివాళ్లు కాడి పట్టుకుని మరీ నవ్వారు.

"కదిలినవి పీకించీసేను. ఉన్నవి గట్టివి. చెయ్యి ఇలా పెట్టు, చూపిస్తాను" అంది నూకాలు.

ఆ మాటకి నవ్వనివాడు బైరాగి ఒక్కడే.

తరవాత వానలు పడ్డాయి. వానల్లో నూకాలు చచ్చిపోయింది. బండివాళ్లే ఆ రాతి పక్కన పూడ్చారు. పూడ్చి, చేతులు కడుక్కుని, తమ పనిలో తాము పడ్డారు. ఆమె సంచి మాత్రం రాతి పక్కనున్న గుంజకి అలాగే వేలాడుతూ ఉండిపోయింది.

వానలు వెలిశాక బళ్లు మళ్లీ కదిలాయి. తోకబండి ఎప్పటిలాగే బైరాగిది. ఈసారి దానికి ముందు బండిలో అతని చెల్లెలు పైడమ్మ ఉంది. కొండమీది అత్తారింటినుంచి పురిటికి పుట్టింటికి వస్తోంది. చింతపండు బస్తాలకి ఆనుకుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"అన్నా, నా మీద పడవు గదా?" అని వెనక్కి తిరిగి నవ్వింది.

"తాతనాటి సీలమ్మా!" అన్నాడు బైరాగి. అన్నాడు గానీ, ఖాళీగా ఉన్న చప్పటి రాతి వైపు ఒకసారి చూశాడు.

మొదటి మలుపులో చక్రం కిర్రుమంది. కందెన లేదు గదా అనుకున్నాడు.

రెండో మలుపులో చక్రం అటూ ఇటూ ఊగింది. రాళ్లదారి గదా అనుకున్నాడు.

మూడో మలుపు ముందు దారి నిట్టనిలువుగా దిగుతుంది. కింద పైడమ్మ కొంగు కనిపిస్తోంది. బైరాగి ఇక ఏమీ అనుకోలేకపోయాడు.

"ఆపండ్రోయ్!" అని అరిచాడు. ఎడ్ల పగ్గాలు బిగబట్టాడు. దూకి చక్రాల కింద బండరాళ్లు తోశాడు.

"ఏటైందిరా?" అన్నారు కిందినుంచి.

"సీల మార్చాల."

"తాతనాటి సీలా? పసుపు రాసిన సీలా? బండి అలుగుద్దిరోయ్! తోకబండోడు తోక ముడిచీసేడ్రా!"

బైరాగి వాళ్లంతా చూస్తుండగా కనుమ ఎగువకి పరిగెత్తాడు. నూకాలు సంచిలోంచి ఒక సీల తీసుకుని, రొప్పుతూ దిగి వచ్చాడు. బండిని దుంగతో ఎత్తిపెట్టి పాత సీల లాగాడు. అది అతని చేతిలోనే రెండు ముక్కలైంది.

నవ్వులు ఆగిపోయాయి. పైడమ్మ రెండు చేతులతో పొట్ట పట్టుకుంది.

ఒకడు దగ్గరికొచ్చి ముక్కల్ని చూశాడు. "తాతనాటి కర్ర లోపల ఇంత కొత్తగా ఉందేట్రా?" అన్నాడు.

బైరాగి ముక్కలు మొలలో దోపుకుని, కొత్త సీల కొట్టే పనిలో చాలా బిజీ అయిపోయాడు.

పైడమ్మకి ఆడపిల్ల పుట్టింది. నూకాలనే పేరు పెట్టారు. తోకబండి గౌరవం అప్పటినుంచి అందరికన్నా కొత్త సీల ఉన్నవాడికి వెళ్లింది. బళ్లు చప్పటి రాతి దగ్గర ఆగడం మొదలైంది. పాత సీల తీసి, రాతి దగ్గర పెట్టి, కొత్తది గుచ్చుకుని దిగేవారు.

ఇప్పుడా కనుమలో లారీలు తిరుగుతున్నాయి. రాతి చుట్టూ అరిగిన బ్రేకు లైనింగులు, పగుళ్లొచ్చిన బెల్టులు, నున్నబడ్డ టైర్లు కుప్పలు పడి ఉంటాయి. వెళ్లేముందు రాతి మీద చుక్క ఇంజనాయిలు వేస్తారు. "ఇంకో ట్రిప్పు లాగుద్దిలే" అని ఏ డ్రైవరైనా అంటే పక్కనున్నవాడు ఒకటే అడుగుతాడు. "కింద ఎవరున్నారు?" డ్రైవరు గొణుక్కుంటూ పానా తీస్తాడు.

ఇక బైరాగి సంగతి. ముసలివాడై మంచం పట్టాక, చెల్లెలి కూతురు పక్కన కూర్చుని కథ చెప్పమంది. "మావా, తాతనాటి సీలని ఆవేళ ఎలా మార్చబుద్దేసింది నీకు?"

బైరాగి తలుపు వైపు చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకున్నాడు.

"అది తాతది కాదే. ఏటా అందరూ గంజి తాగుతుండగా నేను సాటుగా ఆ ముసల్దాని దగ్గరికెళ్లీవోణ్ణి. కొత్త సీల గుచ్చి, పాతదాన్లా కనపడ్డానికి మసి పూసి ఇచ్చీది. నలుగురిలో మాత్రం అది అడగాల, నేను నవ్వాల. అదీ ఒప్పందం. సచ్చిందాకా ఒక్కడికీ చెప్పలేదు. ఆ ఏడు అది లేదు, సీల మారలేదు."

"మరి తాత సీల?"

"అదెప్పుడో ఇరిగిపోనాది."

"కనుమలోనా?"

"కాదు" అన్నాడు బైరాగి, దుప్పటి మొహం మీదికి లాక్కుంటూ. "మన వాకిట్లో. బండి నిలబడుండగా. ఎడ్లు కూడా కట్టలేదు."