ఏడో ఎక్కం ఆగిన పాతర

అనగా అనగా, జొన్నలను భూమి కడుపులో దాచుకునే రోజుల్లో, నల్లరేగడి నేలల నడుమ ఒక ఊరుండేది. ఆ ఊళ్లో మోతుబరి సిద్దప్పకు పెద్ద పాతర ఉండేది. పాతరంటే ధాన్యం దాచే గొయ్యి. మూతి ఇరుకు, కడుపు వెడల్పు, రెండు నిలువుల లోతు.

ఏటా వానలకు ముందు దాన్ని తెరిచేవారు. మొదటి ఏడు దిగిన కూలి పైకి రాలేదు. రెండో ఏడు దిగినవాడూ రాలేదు. మూడో ఏడు దిగినవాడు రాలేదు, వాణ్ని లాగడానికి దిగిన తమ్ముడూ రాలేదు. లోపల దయ్యముందన్నారు. కోడిని కోసి ఊరుకున్నారు.

అదే ఊళ్లో మారెప్ప అని ఒక బడిపంతులు. పిల్లలు అయ్యోరు అనేవారు. బక్కమనిషి. ఎవరైనా గింజలు పోస్తే వండుకునేవాడు, లేకుంటే పస్తు.

నాలుగో ఏడు, పాతర తెరవడానికి ముందు రోజు, మారెప్ప బడికి ఒక బాన తెచ్చాడు. అడుగున తడి జొన్నలు పోసి, మూతపెట్టి నాలుగు రోజులు ఉంచిన బాన. మూత తీసి, దీపపు ప్రమిదను తాడుకు కట్టి లోపలికి దించాడు. ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దించాడు. ఆరిపోయింది. మూడోసారీ ఆరిపోయింది.

"దయ్యం ఊదింది అయ్యోరా," అంది సుంకులు అనే పిల్ల.

"ఇంత బానలో దయ్యం కాళ్లెక్కడ ముడుచుకుంటుందే?"

పిల్లలు నవ్వారు.

"తడి గింజలు మంచి గాలిని తినేస్తాయి. చెడ్డ గాలి అడుగున కూర్చుంటుంది. దీపానికీ మనిషికీ ఒకటే గాలి. దీపం ఆరిన చోట మనిషి దిగకూడదు."

సుంకులు నవ్వడం ఆపేసింది. "రేపు దిగేది మా నాయన, అయ్యోరా."

తెల్లారి మారెప్ప బడిపిల్లలతో కలిసి పాతర దగ్గరికి పోయాడు. సుంకులు తండ్రి ఓబన్న అప్పటికే నడుముకు తాడు కట్టుకున్నాడు.

"ముందు దీపం దించండి సిద్దప్పా," అన్నాడు మారెప్ప.

"నా పాతరలో దీపం ఆరితే నా ఇంటి దీపం ఆరినట్టే. అరిష్టం."

"పోనీ, రెండు రోజులు మూత తీసి పెట్టండి. గాలి మారుతుంది."

"మబ్బు పట్టింది. గింజలు తడిస్తే నువ్విస్తావా?"

"దీపం దించండి సిద్దప్పా. వాడికి ఆడపిల్ల ఉంది."

"అంత బెంగైతే వాడి బదులు నువ్వు దిగు."

 మారెప్ప ఓబన్న నడుము తాడు విప్పి తన నడుముకు కట్టుకున్నాడు.

"ఏడో ఎక్కం చెబుతూ దిగుతాను. ఎక్కం ఆగితే దీపం ఆరినట్టే. లాగండి. ఎవరూ దిగొద్దు."

దిగాడు. పిల్లలు మూతి చుట్టూ నిలబడ్డారు.

"ఏడు ఒకట్ల ఏడు. ఏడు రెండ్ల పద్నాలుగు."

గొంతు లోపలికి పోయింది.

"ఏడు మూళ్ల ఇరవై ఒకటి. ఏడు నాలుగుల ఇరవై ఎనిమిది. ఏడు ఐదుల..."

ఆగిపోయింది. అలవాటుకొద్దీ పిల్లలు "ముప్పై ఐదు" అన్నారు. లోపలి నుంచి ఏమీ రాలేదు.

తాడు లాగారు. స్పృహ లేని మనిషి భుజాలు ఇరుకు మూతికి అడ్డం పడ్డాయి. ఓబన్న తాడు పక్కవాడికిచ్చి దూకబోయాడు. సుంకులు అతని రెండు కాళ్లూ వాటేసుకుంది.

"దీపం ఆరింది నాయనా."

"వదలవే, ఆయన చస్తాడు."

"నువ్వూ చస్తావు. అయ్యోరు దిగొద్దన్నాడు."

ఓబన్న దిగలేదు. మూతి తవ్వి వెడల్పు చేసి, పొద్దు గూకే వేళకు మారెప్పను బయటికి తీశారు. అప్పటికి ఒళ్లు చల్లబడి ఉంది. సిద్దప్ప తలస్నానం చేసి ఇంటికి పోయాడు. ఏడ్చింది పిల్లలే.

మరుసటి ఏడు దీపం దించకుండా ఒక్క కూలీ పాతరలో కాలు పెట్టలేదు. సిద్దప్ప తిట్టాడు, బతిమాలాడు, చివరికి తన చేత్తోనే దీపం వెలిగించి ఇచ్చాడు.

ఆ వైపు ఊళ్లలో ఈనాటికీ పాత బావి పూడిక తీయాలన్నా, మూసిన గొయ్యి తెరవాలన్నా, ముందు తాడుకు దీపం కట్టి దించుతారు. ఆ దీపాన్ని అయ్యోరు అంటారు. పైనున్న ఆడవాళ్లు "అయ్యోరు దిగినాడా?" అని అడుగుతారు. దీపం నిలిస్తే మనిషి దిగుతాడు. ఆరితే మాత్రం దాన్ని ఎవరూ అరిష్టం అనరు. అయ్యోరు వద్దన్నాడు అంటారు, పని ఆపి ఇళ్లకు పోతారు.