సద్దివీరుల కనుమ

ఉలవకొండ కనుమ దాటే బస్సులన్నీ పైమలుపులో ఒకసారి ఆగుతాయి. అక్కడ పైకప్పు లేని చిన్న గుడి ఉంది. లోపల కత్తీ డాలూ పట్టిన వీరుల శిలలు వరుసగా నిలిచి ఉంటాయి. వాటిలో మొదటి ఏడూ చాలా పాతవి. ఈ స్వాములకు కొబ్బరికాయ కొట్టరు. జొన్నసంగటి ముద్ద, పచ్చి ఉల్లిపాయ నైవేద్యం పెడతారు. అందుకే వీరికి సద్దివీరులని పేరు వచ్చింది.

పూర్వం ఈ కనుమను ఏడుగురు బంట్లు కాపలా కాసేవారు. కింది పల్లెలోని ఓబులక్క రోజూ పొద్దున్నే వారికి సద్ది మోసుకెళ్లేది. వారిలో చిన్నవాడు కొండయ్య ఆమెకు తమ్ముడు. "అక్కా, నీ ముద్ద విసిరితే శత్రువు గుర్రమైనా కూలిపోతుంది" అని ఏడిపించేవాడు. ఏడిపిస్తూనే రెండో ముద్దకు చెయ్యి చాచేవాడు.

ఒక వైశాఖంలో పరరాజు సేన విరుచుకుపడింది. నాలుగు పల్లెల జనం పిల్లాజెల్లలతో, గొడ్డూగోదతో కోటకు చేరేదాకా ఆ ఏడుగురూ ఇరుకు దారికి అడ్డంగా నిలబడ్డారు. పొద్దు వాలేసరికి జనమంతా కోటలో క్షేమంగా ఉన్నారు. కనుమలో ఒక్కరూ మిగల్లేదు. రాజు వారికి శిలలు నిలిపించాడు. పల్లెలవారు ఏటా ఆ రోజున పొయ్యి వెలిగించక ఏడ్చేవారు. ఓబులక్క అయితే తమ్ముడి పేరెత్తడమే మానేసింది.

మూడో ఏడు, ఆ రోజుకు ముందునాడు, మధ్యాహ్నం వేళ పశువుల కొట్టం నీడన ఆమెకు కునుకు పట్టింది. కలలో ఏడుగురూ కనిపించారు. కొండయ్య ముందుకొచ్చి, "మీ పొయ్యిలు ఆరకూడదనే కదక్కా మేం పోయింది! మా సద్ది ఏది? దారిన పోయేవాళ్లకు పెట్టు. వాళ్లు తింటే మేం తిన్నట్టే" అన్నాడు.

ఓబులక్క లేచి జొన్నలు విసరసాగింది. "ఏడ్చే రోజున వంటేమిటే? పాపం తగులుతుంది" అని పల్లెపెద్ద లింగారెడ్డి గద్దించాడు.

"వాళ్లు ఆకలిగా ఉన్నారయ్యా" అని, తెల్లవారగానే ఆమె గంప నెత్తికెత్తుకుంది. ఎవరూ వెంట రాలేదు.

కనుమ మొదట్లో ఒక పెళ్లిబృందం, మనుషులు చచ్చిన దారి కదా అని బెదిరి ఆగిపోయి ఉంది. ఓబులక్క వారిని వెంటబెట్టుకుపోయి, ఒక్కో శిల ముందు పేరు చెప్పి ముద్ద దించి, వారికి పంచింది. కొండయ్య ముద్ద పెళ్లికూతురికి అందింది. ఆ పిల్ల ఉల్లిపాయ కొరుకుతూ, "ఈయన ఎట్లుండేవాడక్కా?" అని అడిగింది.

మూడేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. ఓబులక్క తమ్ముడి శిల మీద చెయ్యి వేసింది. గుర్రం మాట చెప్పింది. పెళ్లికూతురు పకపకా నవ్వింది. మేళగాళ్లు నవ్వారు. కళ్లనిండా నీళ్లతో ఓబులక్కా నవ్వింది. డోలు మోగించుకుంటూ బృందం కనుమ దాటింది.

ఆ డోలు విని పల్లె జనం పరుగున పైకొచ్చారు. లింగారెడ్డి ఖాళీ గంపలోకి తొంగిచూసి, "నాకొక్క ముద్దయినా మిగల్చలేదా?" అన్నాడు. మరుసటి ఏడు మొదటి గంప ఆయనే మోశాడు.

నాటినుంచి వైశాఖ బహుళ పంచమినాడు ప్రతి ఇంటినుంచీ ఇక్కడికి సద్ది వస్తుంది. వీరుడి పేరు పలికి, అతని గురించి ఒక ముచ్చట చెప్పాకే ముద్ద పంచుతారు. ఈ ప్రాంతంనుంచి సైన్యంలో చేరి సరిహద్దులో ప్రాణాలిచ్చిన నలుగురు జవాన్లకూ ఇప్పుడు ఇక్కడ శిలలున్నాయి. నిరుడు హవల్దారు సుంకన్న తల్లి నరసమ్మ కొడుకు శిల పక్కన నిలబడి, "మావాడు సెలవుకొస్తే మేకలచేత కూడా కవాతు చేయించేవాడు" అనగానే గుడంతా నవ్వులతో నిండిపోయింది. ఆమె ముద్ద చిదిమి, "తినండి నాయనా, తినండి" అంటూ చివరి మనిషిదాకా తన చేత్తోనే పెట్టింది.

ఇక్కడ సద్ది తిని బయలుదేరినవారు ఎంత దూరం వెళ్లినా క్షేమంగా ఇల్లు చేరతారని భక్తుల విశ్వాసం.